పాచికకిచ్చిన మాట: పాత్రపోషణ క్రీడలో నిర్వాహకుని రహస్య దయ – ఒక నైతిక పరిశీలన

మేలు చేయాలనే సంకల్పంతో మిత్రులను మోసగించవచ్చునా అన్నది నీతిశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. వైద్యుడు రోగితో, తల్లి బిడ్డతో, మంత్రి రాజుతో ఆడిన అబద్ధాల సందర్భంగా ఈ ప్రశ్న పలుమార్లు చర్చకు వచ్చింది. అదే ప్రశ్నను మరొక చోట, మొదటి చూపుకు అల్పంగా కనిపించే చోట, పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నలుగురైదుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే కాల్పనిక పాత్రపోషణ క్రీడలో, ఆటను నడిపే వ్యక్తి తెరచాటున పాచిక వేసి, పడిన సంఖ్యను దాచి, తనకు మంచిదని తోచిన సంఖ్యను ప్రకటించవచ్చునా? ఇక్కడ ఆస్తులు పోవు, ప్రాణాలు పోవు. అందువల్లనే, మోసం అనే చర్యను దాని భౌతిక ఫలితాల నుంచి విడదీసి చూడడానికి ఈ సందర్భం అనుకూలంగా ఉంటుంది.

ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణానికి చెందిన గ్యారీ గైగాక్స్, మినెసోటా రాష్ట్రానికి చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను – ఒక యోధురాలినో, మాంత్రికుణ్ణో, దొంగనో – కల్పించుకుని దాని తరఫున మాట్లాడతాడు, దాని తరఫున నిర్ణయాలు తీసుకుంటాడు. ఒకరు మాత్రం మిగిలిన లోకమంతటికీ బాధ్యత వహిస్తారు. కోటలు, అడవులు, గ్రామస్థులు, శత్రువులు, వానా ఎండా కూడా ఆయన మాటల్లోంచే పుట్టాలి. తొలి పుస్తకాలలో ఇతనికి రెఫరీ అని పేరు; తరువాత డంజన్ మాస్టర్, గేమ్ మాస్టర్ అనే పేర్లు స్థిరపడ్డాయి. ఈ వ్యాసంలో ‘నిర్వాహకుడు’ అనే మాటను వాడడం జరిగింది. సూత్రధారుడు అనవచ్చును గాని, సూత్రధారుడికి నాటకం ముగింపు ముందే తెలుసు. నిర్వాహకుడికి అది తెలిసి ఉండవచ్చునా అన్నదే ఇక్కడి వివాదం.

ఫలితం సందిగ్ధమైన చోట పాచిక తేలుస్తుంది. యోధురాలు ఆ అగడ్తను దూకగలిగిందా, కాపలావాడు అడుగుల చప్పుడు విన్నాడా, శత్రువు కత్తి తగిలిందా అన్నవి ఎక్కువగా ఇరవై ముఖాల పాచికతో నిర్ణయమవుతాయి. ఆటగాళ్లు తమ పాచికలను బల్లపై అందరి ఎదుటా వేస్తారు. నిర్వాహకుడి ముందు సాధారణంగా ఒక మడత అట్ట నిలబెట్టి ఉంటుంది. ఆ తెర వెనుక అతని పటాలు, రాతప్రతులు, రహస్యాలు ఉంటాయి. అతని పాచికలు కూడా అక్కడే పడతాయి. తెరకు మొదటి ప్రయోజనం సమాచారాన్ని దాచడం. గుహ చివర ఏమున్నదో ఆటగాళ్లకు ముందే తెలిస్తే అన్వేషణకు అర్థం లేదు కదా. ఆ తెరే, కావాలనుకుంటే, సంఖ్యను దిద్దడానికీ వీలు కల్పిస్తుంది. ఆంగ్లంలో ఈ పనిని ‘ఫడ్జింగ్’ అంటారు.

నిర్వాహకుడి ఈ ద్వంద్వస్థితికి ఒక చరిత్ర ఉంది. 1824లో ప్రష్యా సైన్యానికి చెందిన యువ అధికారి రైస్విట్జ్, తన తండ్రి ప్రారంభించిన కృషిని సంస్కరించి, ‘క్రీగ్‌స్పీల్’ అనే యుద్ధక్రీడకు నియమావళిని ప్రచురించాడు. ఇరుపక్షాలవారు తమ ఆజ్ఞలను కాగితంపై రాసి మధ్యవర్తికి అందించేవారు. మధ్యవర్తి పటంపై దళాలను కదిపి, కాల్పుల ఫలితాలను పాచికలతో, పట్టికలతో తేల్చేవాడు. ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించే అధికారం అతనిది. ఎవరి దెబ్బ ఎంత తగలాలో నిర్ణయించే అధికారం పాచికది. సుమారు అర్ధశతాబ్దం తరువాత, 1876లో, వెర్డీ దు వెర్నువా అనే సేనాని ఆ పట్టికలనూ పాచికలనూ పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తన విచక్షణతోనే ఫలితాలు చెప్పవచ్చునని ప్రతిపాదించాడు. మొదటి పద్ధతిలో మధ్యవర్తి ‘పాచిక ఇలా చెప్పింది’ అంటాడు. రెండవ పద్ధతిలో ‘నా నిర్ణయం ఇది’ అంటాడు. రెండింటిలోనూ ఎదుటివారికి తాము ఎవరి తీర్పుకు లోబడుతున్నారో తెలుసు. తన నిర్ణయాన్నే పాచిక నిర్ణయంగా చెప్పడమనే మూడవ మార్గం ఈ రెంటికీ చెందదు.

ప్రామాణిక గ్రంథాలు ఈ విషయంలో ఏమన్నాయో చూడవలసి ఉంది. గైగాక్స్ 1979లో వెలువరించిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో ఈ చర్చ ఉంది. ఆటగాడు చేయవలసిన జాగ్రత్తలన్నీ చేసినా, తన తప్పేమీ లేకుండా, కేవలం పాచిక వికటించి పాత్ర మరణించే సందర్భం వస్తుందని, సాధారణంగా అటువంటివాటిని అలాగే సాగనివ్వాలని ఆయన అంటాడు. అయితే తీర్పు చెప్పే హక్కు నిర్వాహకుడికి ఉన్నదనీ, మరణానికి బదులు స్పృహ కోల్పోవడమో, ఒక అవయవమో కన్నో పోవడమో విధించవచ్చుననీ చేరుస్తాడు. 2014లో వెలువడిన అయిదవ కూర్పు మార్గదర్శి స్వరం వేరు. తెర వెనుక పాచిక వేస్తే ఫలితాన్ని మార్చే వీలుంటుందని, వరుసగా రెండు తీవ్రఘాతాలు పాత్రను చంపేట్లయితే రెండవదాన్ని మామూలు దెబ్బగానో గురి తప్పినట్టుగానో మార్చవచ్చునని అది చెబుతుంది. ఆ పని తరచుగా చేయవద్దని, చేస్తున్నట్టు తెలియనివ్వవద్దని కూడా హెచ్చరిస్తుంది. తెలిస్తే ఆటగాళ్లు తమకు నిజమైన ప్రమాదం లేదనుకుంటారట, లేదా పక్షపాతం శంకిస్తారట. మొదటి గ్రంథం తీర్పును మార్చమంటున్నది, రెండవది తీర్పు మారిందన్న సంగతిని దాచమంటున్నది. ఈ వ్యాసానికి కీలకం ఈ తేడాయే.

ఒక ఊహాత్మక సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అయిదుగురు మిత్రులు రెండేళ్లుగా వారానికొక సాయంత్రం ఆడుతున్నారు. వారిలో ఒకామె పాత్ర ఒక వృద్ధ వైద్యురాలు. కోటలో బందీగా ఉన్న తమ్ముణ్ణి విడిపించాలన్నది ఆ వైద్యురాలి ఏకైక లక్ష్యం. దానికోసం ఆ ఆటగత్తె నెలల తరబడి పథకం వేసింది, కాపలా వేళలు కనుక్కున్నది, ఊరివారి నమ్మకం సంపాదించుకున్నది. తీరా కోటగుమ్మం దగ్గర పేరైనా లేని ఒక కాపలావాడు కొట్టిన మొదటి దెబ్బకు ఇరవై పడింది, రెండవ దెబ్బకూ ఇరవై పడింది. ఇరవై ముఖాల పాచికపై ఇది నాలుగు వందలలో ఒకసారి జరిగే సంగతి. ఆ రెండు దెబ్బలతో వైద్యురాలి ప్రాణం పోతుంది. తెర వెనుక సంఖ్యను చూసినది నిర్వాహకుడొక్కడే. బల్ల చుట్టూ ఉన్నవారు అతని ముఖం వైపు చూస్తున్నారు. ‘ఏడు, తప్పిపోయింది’ అంటే ఎవరికీ తెలియదు.

దిద్దుబాటును సమర్థించేవారి మొదటి ఆధారం దయ. తెలుగు పాఠకుడికి ఇక్కడ శుక్రాచార్యుడు గుర్తుకు రావడం సహజం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రుడు బలికి చేసిన హితబోధలో అసత్యానికి కొన్ని మినహాయింపులున్నాయి. ప్రాణాపాయ సందర్భం వాటిలో ఒకటి. వైద్యురాలి ప్రాణం పోయే వేళ నిర్వాహకుడు ఆడిన చిన్న అబద్ధం ఆ మినహాయింపు కిందికి రాదా? కల్పిత పాత్ర ప్రాణం ప్రాణమా అని ఎదురుప్రశ్న వేసి ఈ వాదాన్ని తోసివేయడం సులభమే గాని, అది న్యాయం కాదు. చనిపోయేది కాగితంపై ఉన్న పేరే. పోయేది మాత్రం ఒక నిజమైన మనిషి రెండేళ్ల ఊహ, శ్రమ, అనుబంధం. ఇష్టమైన పాత్ర మరణించినప్పుడు ఇంటికి వెళ్లి కన్నీరు పెట్టుకునే ఆటగాళ్లున్నారు. దాన్ని బాల్యచాపల్యమనడం కావ్యం చదివి కంట తడిపెట్టిన పాఠకులందరినీ అలాగే అనడంతో సమానం.

అయితే శుక్రుడి మినహాయింపును వినిపించుకున్న బలి దాన్ని స్వీకరించలేదన్న సంగతి కూడా ఆ కథలోనే ఉంది. ఇస్తానన్న మాట అప్పటికే నోట వెలువడింది, తిరిగి తీసుకునేందుకు వీలు లేదు. పాచిక విషయంలోనూ మాట ఇవ్వడం వంటిదే ఒకటి జరుగుతుంది. నిర్వాహకుడికి పాచిక వేయవలసిన నిర్బంధం లేదు. ‘కాపలావాడు నిద్రపోతున్నాడు’ అని ఊరకే చెప్పే అధికారం అతనికి ఉంది. ‘దెబ్బ పక్కనుంచి పోయింది’ అని పాచిక ముట్టకుండా చెప్పినా ఎవరూ అభ్యంతరపెట్టరు. ఆ అధికారాన్ని వదులుకుని పాచికను చేతిలోకి తీసుకున్నప్పుడు అతడు, మాటల్లో చెప్పకపోయినా, ఒక ప్రకటన చేస్తున్నాడు: దీన్ని నేను నిర్ణయించబోవడం లేదు, ఇది నిర్ణయిస్తుంది, మీతోపాటు నేనూ దానికి లోబడతాను. తెర వెనుక పాచిక దొర్లే చప్పుడు బల్ల చుట్టూ ఉన్నవారికి వినిపిస్తుంది. వారు ఊపిరి బిగబట్టేది ఆ చప్పుడుకే. ఫలితాన్ని దిద్దిన నిర్వాహకుడు తన అధికారాన్ని వాడుకున్నాడు, అందులో తప్పు లేదు. దాన్ని వదులుకున్నట్టు చూపించి వాడుకున్నాడు. తప్పు అక్కడ ఉంది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఆ లోకంలో అంతా నిర్వాహకుడు కల్పించినదే. కాపలావారు ముగ్గురా, పదిమందా అన్నది అతని ఇష్టం. గుమ్మానికి గడియ ఉన్నదో లేదో అతని ఇష్టం. ఇన్ని విషయాలలో స్వేచ్ఛ ఉన్నవాడు ఒక సంఖ్య దగ్గర మాత్రమే ఎందుకు చేతులు కట్టుకోవాలి? ఈ ఆక్షేపణ నిర్వాహకుడి రెండు పనులను కలిపివేస్తున్నది. పదిమంది కాపలావారిని ముగ్గురుగా తగ్గించినప్పుడు అతడు కల్పన చేస్తున్నాడు. కల్పన అతని వంతేనని అందరికీ తెలుసు. ఇరవైని ఏడుగా చెప్పినప్పుడు అతడు జరిగినదాన్ని జరగలేదంటున్నాడు. పాచిక కాల్పనిక లోకపు వస్తువు కాదు. అది ఈ గదిలో, ఈ బల్లపై, ఈ మిత్రుల మధ్య పడిన వస్తువు. దాని గురించి చెప్పే మాట కల్పన కిందికి రాదు, వార్త కిందికి వస్తుంది.

సరిహద్దు ఎల్లవేళలా ఇంత స్పష్టంగా ఉండదన్నది నిజమే. ఆటగాళ్ల మధ్య తరచుగా చర్చకు వచ్చే ఒక ఉదాహరణ ఉంది. ముందు రెండు దారులున్నాయి. ఆటగాళ్లు ఏ దారిన పోయినా అదే రాక్షసుడు ఎదురవుతాడని నిర్వాహకుడు ముందే నిశ్చయించుకున్నాడు. ఇది మోసమా? రెండు దారుల గురించీ వారికి ఏమీ తెలియకపోతే వారి ఎంపికలో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, కాబట్టి పెద్ద దోషం కనిపించదు. ఒకడు చెట్టెక్కి చూసి, మరొకడు గొర్రెల కాపరిని అడిగి, కుడి దారి క్షేమమని తెలుసుకుని ఆ దారి పట్టిన తరువాత కూడా అదే రాక్షసుణ్ణి అక్కడ నిలబెడితే, వారి విచారణకు ఇచ్చిన విలువను దొంగచాటుగా వెనక్కి తీసుకున్నట్టే. ఇక్కడ పాచికే లేదు, దోషం మాత్రం అదే. ఎదుటివారి ప్రయత్నానికి ఫలితంతో సంబంధం ఉన్నదని నమ్మించి, ఆ సంబంధాన్ని వారికి తెలియకుండా తెంచడం ఈ రెండు సందర్భాలకూ సామాన్యమైన అంశం.

రసవాదం వైపు నుంచి మరొక ఆక్షేపణ రావచ్చు. రంగస్థలంపై హరిశ్చంద్రుడు కత్తి ఎత్తినప్పుడు చంద్రమతి బతుకుతుందని సామాజికులందరికీ తెలుసు, అయినా వారి గుండె ఝల్లుమంటుంది. ప్రమాదం నిజం కానక్కరలేదు, ప్రమాదానుభూతి కలిగితే చాలు. అలాంటప్పుడు తెర వెనుక సంఖ్య ఏదైతేనేం? సామాజికుడికీ ఆటగాడికీ ఉన్న తేడాను ఈ వాదం పట్టించుకోదు. చంద్రమతి బతికినందుకు సామాజికుణ్ణి ఎవరూ అభినందించరు. కోటగుమ్మం దాటిన ఆటగత్తెను మిత్రులు అభినందిస్తారు, తనను తాను కూడా అభినందించుకుంటుంది, ఏళ్ల తరువాత కూడా ఆ రాత్రిని తలుచుకుంటుంది. అనుభూతితోపాటు అక్కడ ఒక సాధన ఉంది. బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ అనే గ్రంథంలో ఆటను నిర్వచిస్తూ, అనవసరమైన అడ్డంకులను స్వచ్ఛందంగా అధిగమించే ప్రయత్నంగా దాన్ని గుర్తించాడు. అడ్డంకిని రహస్యంగా తొలగిస్తే ప్రయత్నం మిగిలే ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అధిగమించడానికి ఏమీ ఉండదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడిన 1974లోనే రాబర్ట్ నోజిక్ తన ‘అనుభవ యంత్రం’ ఊహను ప్రచురించడం కాకతాళీయమే. కోరిన అనుభూతులన్నీ కలిగించే యంత్రంలో జీవితాంతం ఉండడానికి ఎందుకు వెనుకాడతామన్న ఆయన ప్రశ్న మాత్రం ఈ బల్ల దగ్గరకు సరిగ్గా సరిపోతుంది. మనిషికి చేసినట్టు అనిపించడం చాలదు, నిజంగా చేయాలని ఉంటుంది.

ఈ తేడాను తెలుగువారి అవధాన విద్య ఇంకా స్పష్టంగా చూపుతుంది. అష్టావధానంలో సమస్యాపూరణం సభలో ఆశువుగా జరగాలి. పృచ్ఛకుడు, అవధాని మీద అభిమానంతోనే, సమస్యను ముందురోజు రాత్రి అతనికి చేరవేశాడనుకుంటే, సభలో వినిపించే పద్యం బహుశా మరింత బాగుంటుంది. ప్రేక్షకుల ఆనందమూ తగ్గదు. అయినా ఆ సంగతి తెలిసిన మరుక్షణం ఆ సభను ఎవరూ అవధానమనరు. పద్యం చెడలేదు, దాని వెనుక ఉన్నదనుకున్న ధారణ, ధైర్యం లేకుండా పోయాయి. దీనికి భిన్నంగా, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు కొన్నిచోట్ల కఠినమైన నిషేధం పెట్టకుండా వదిలేయవచ్చు. అది ఉదారత, దానిలో మోసం లేదు. ఎందుకంటే ఆ వదిలేయడం సభ ఎదుటే జరుగుతుంది; ఏ అక్షరం నిషేధించబడిందో, ఏది వదిలివేయబడిందో వినేవారందరికీ తెలుస్తుంది. దయ బహిరంగంగా ఉన్నప్పుడు క్రీడలో ఒక భాగమవుతుంది. గుప్తంగా ఉన్నప్పుడు క్రీడనే ఖాళీ చేస్తుంది. నిర్వాహకుడు పాచిక వేయకముందు చూపే సడలింపు మొదటి కోవకు, వేసిన తరువాత దాచే సంఖ్య రెండవ కోవకు చెందుతాయి.

పాచికల మోసం అనగానే మన సాహిత్యంలో ముందు నిలిచేవాడు శకుని. మహాభారతం ద్యూతఘట్టంలో అతని విజయాన్ని నికృతి అనే మాటతో, అంటే కపటంతో, ముడిపెడుతుంది. నలోపాఖ్యానంలో కలి నలుణ్ణి ఆవేశిస్తే, ద్వాపరుడు పాచికలలో ప్రవేశిస్తాడు. రెండు చోట్లా కపటం వల్ల నష్టపడేది ఎదుటి ఆటగాడు. నిర్వాహకుడి కపటం వల్ల ఎదుటివారు లాభపడుతున్నారు కదా, ఈ పోలిక అన్యాయం కాదా అని అడగవచ్చు. ఉద్దేశాల విషయంలో అన్యాయమే. శకునినీ స్నేహితులను సంతోషపెట్టదలచిన నిర్వాహకుణ్ణీ ఒక గాటన కట్టరాదు. కాని ధర్మరాజుకు శకుని చేసిన అపకారం రాజ్యహరణంతోనే ముగియలేదు. తాను ఆడుతున్నాననుకున్న ఆట ఒకటి, తన చుట్టూ నిజంగా జరుగుతున్నది మరొకటి అయ్యేట్టు అతడు చేశాడు. ఈ రెండవ అపకారం లాభనష్టాలపై ఆధారపడదు. పాచికలు ధర్మరాజు పక్షాన కూటంగా పడి ఉంటే అతనికి రాజ్యం దక్కేది. తాను ఆడింది జూదమేనన్న నమ్మకం మాత్రం అప్పుడూ అబద్ధమే అయ్యేది.

2014 నాటి సలహాలోని ‘తెలియనివ్వవద్దు’ అన్న నిబంధనను ఇప్పుడు నేరుగా పరీక్షించవచ్చు. పాశ్చాత్య నీతిశాస్త్రంలో దీనికి అనుకూలంగానూ ప్రతికూలంగానూ వాదాలున్నాయి. హెన్రీ సిడ్జ్‌విక్ 1874లో ప్రచురించిన గ్రంథంలో, బహిరంగంగా సమర్థించరాని పని కూడా రహస్యంగా చేస్తే సరైనదే కావచ్చునని ఫలితవాద దృష్టితో అంగీకరించాడు. అంతకు చాలా ముందు, 1795లో, కాంట్ ఇతరుల హక్కులకు సంబంధించిన ఏ చర్య అయినా దాని సూత్రం వెల్లడైతే నిలవదంటే అది అధర్మమేనన్నాడు. సిస్సెలా బోక్ 1978 నాటి తన గ్రంథంలో, అబద్ధానికి చెప్పే సమర్థన మోసపోయేవారి పక్షం నుంచి కూడా చూడగల వివేకవంతుల ఎదుట నిలవాలన్నది. ఈ సలహాను ఆ ఎదుట నిలబెడితే ఏమవుతుంది? ‘మీకు నిజమైన ప్రమాదం ఉందని మీరు నమ్మడం కోసం, లేదన్న సంగతి మీకు చెప్పను’ అని నిర్వాహకుడు తన మిత్రులకు చెప్పగలడా? చెప్పిన క్షణంలోనే అది పనిచేయడం మానేస్తుంది. సిడ్జ్‌విక్ వాదం ప్రజలను పాలించేవారి విషయంలో ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే చర్చ. స్నేహితుల మధ్య మాత్రం అది ఇమడదు. రహస్యంగా మేలు చేసేవాడికీ ఆ మేలు పొందేవారికీ మధ్య ఎంత మంచితనం ఉన్నా, సమానత్వం ఉండదు.

ఈ అసమానత్వమే అసలు నష్టం. రోగులకు, మరణశయ్యపై ఉన్నవారికి వైద్యులు చెప్పే అబద్ధాలను గురించి బోక్ ప్రత్యేకంగా చర్చించడం ఇక్కడ ప్రస్తావించదగినది. అటువంటి అబద్ధంలో ఎదుటివారు నిజాన్ని భరించలేరన్న తీర్పు దాగి ఉంటుంది. వైద్యురాలి మరణాన్ని తన స్నేహితురాలు తట్టుకోలేదని నిర్వాహకుడు ఆమె తరఫున, ఆమెను అడగకుండా, నిర్ణయిస్తున్నాడు. ఆ సాయంత్రం వరకు బల్ల చుట్టూ అయిదుగురు స్నేహితులున్నారు. ఆ తరువాత నలుగురు పిల్లలు, ఒక సంరక్షకుడు ఉన్నారు. పిల్లలకు ఆ సంగతి తెలియదు. బయటపడినప్పుడు జరిగే నష్టం ఇంకా లోతైనది. ‘ఆ రోజు మార్చాను’ అన్న ఒక్క మాటతో ఆ ఒక్క దెబ్బ మాత్రమే సందేహంలో పడదు. రెండేళ్లలో గెలిచిన ప్రతి పోరూ, తృటిలో తప్పిన ప్రతి ఆపదా వెనక్కి వెళ్లి సందేహాస్పదమవుతాయి. వాటిలో తొంభై శాతం నిజమైనవే అయినా ఏ తొంభై అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. నిర్వాహకుడి చెడ్డ సంఖ్యలను నమ్మి కృంగిపోయిన సందర్భాలు కూడా ఆ జాబితాలోకే వస్తాయి.

ముందస్తు అంగీకారం ఈ సమస్యను తీరుస్తుందా? కొన్ని బృందాలు మొదటి సమావేశంలోనే, కథ బాగుండడం తమకు ముఖ్యమని, అవసరమైతే నిర్వాహకుడు సంఖ్యలు మార్చుకోవచ్చునని, ఎప్పుడు మార్చాడో తమకు చెప్పనక్కరలేదని ఒప్పందం చేసుకుంటాయి. ఇది మోసం కాదు. ఇంద్రజాలికుడి ఎదుట కూర్చున్నవారు మోసపోవడానికి టిక్కెట్టు కొన్నట్టే, వీరూ తెలిసే కూర్చున్నారు. అటువంటి బల్ల దగ్గర పాచిక వాగ్దానం కాదు, సూచన మాత్రమే. వెర్నువా మధ్యవర్తి చేతిలో ఒక సలహాదారు వంటిది. ఆ ఆట వేరొక రకపు ఆట, దాని ఆనందం దానికి ఉంది. ఒప్పందం లేనిచోట ఒప్పందం ఉన్నట్టు ఊహించుకోవడమే ఇబ్బంది. ‘వాళ్లను అడిగితే సరేనంటారు’ అన్నది నిర్వాహకులు తమకు తాము తరచుగా చెప్పుకునే మాట. అడగడం కష్టమేమీ కాదు కాబట్టి, అడగకపోవడానికి కారణం వెతకవలసి వస్తుంది. చాలా సందర్భాలలో ఆ కారణం, వారు ‘వద్దు’ అంటారేమోనన్న భయం.

అంగీకారం లేని బల్ల దగ్గర కూడా దయకు చోటు లేకపోలేదు. పాచిక వేయడానికి ముందు, ఓడితే ఏమవుతుందో అందరికీ చెప్పవచ్చు: ‘ఈ దెబ్బ తగిలితే మరణం కాదు, బందీగా పట్టుబడడం’. వేసిన తరువాత కూడా, గైగాక్స్ సూచించిన రీతిలో, సంఖ్యను అందరికీ చూపి, ‘ఇది ఇరవై, కాని దీన్ని మరణంగా తీర్పు చెప్పడం లేదు, ఆమె ఒక చేతిని కోల్పోతుంది’ అనవచ్చు. నిర్వాహకుడు ఇక్కడ తన తీర్పుకు తానే బాధ్యత వహిస్తున్నాడు. మిత్రులు ఒప్పుకోవచ్చు, వాదించవచ్చు. పక్షపాతమనిపిస్తే ముఖం మీదనే అనవచ్చు, అది కూడా స్నేహంలో భాగమే. విన్సెంట్, మెగ్వీ బేకర్ల ‘అపొకలిప్స్ వరల్డ్’ వంటి 2010 నాటి ఆటలు ఈ చిక్కును మూలంలోనే తొలగించాయి. అందులో నిర్వాహకుడు పాచికే వేయడు. వేసేది ఆటగాళ్లే, అదీ అందరి ఎదుటా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పులో సైతం, కూలిపోయిన పాత్ర బతుకుతుందా అన్నది తేల్చే పాచికను ఆటగాడే తన చేతితో వేస్తాడు. పది లేదా ఆ పైన మూడుసార్లు పడితే ప్రాణం నిలుస్తుంది, మూడుసార్లు తక్కువ పడితే పోతుంది.

ఒక కఠిన సందర్భం మిగిలి ఉంది. ఆ ఆటగత్తె ఇటీవలే తన సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్నది. రెండేళ్ల కిందట సరదాగా కల్పించుకున్న వైద్యురాలి కథ ఆమెకు ఇప్పుడు మరొక అర్థంతో కనిపిస్తున్నది. ఆ సంగతి బల్ల చుట్టూ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇటువంటి రాత్రి ఇరవైని ఏడు అన్న నిర్వాహకుణ్ణి నిందించడానికి నోరు రావడం కష్టం. పైన చేసిన వాదమంతా అక్కడ బలహీనపడినట్టు అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఆ సందర్భాన్ని కొంచెం వెనక్కి జరిపి చూడవచ్చు. కోటగుమ్మం దాకా రావడానికి ముందు వారం ఉంది, అంతకు ముందు వారం ఉంది. వాటిలో ఏదో ఒక సాయంత్రం, ఆట ముగిసి మిగిలినవారు వెళ్లిపోయాక, నిర్వాహకుడు ఆమెను నేరుగా అడగగలడు: ఈ కథలో ప్రాణాపాయం ఉండాలా, వద్దా? ఆమె వద్దనవచ్చు. ఉండాలనీ అనవచ్చు. తమ్ముణ్ణి నిజంగానే విడిపించగలనో లేదో తెలుసుకోవాలని, ఎవరో జాలిపడి ఇచ్చిన విడుదల తనకు అక్కరలేదని అనవచ్చు. అలా అన్న పక్షంలో, ఆ రాత్రి నిర్వాహకుడు చేయగలిగినది తెర మడిచి పక్కన పెట్టి, కాపలావాడి పాచికను బల్ల మధ్యలో అందరికీ కనబడేట్టు వేయడమే.